కాయకమునకు విరమణ కలదా?

వరంగల్లు నుండి ఖమ్మమునకు పోవు రాజమార్గముపై మరిపెడ యున్నది. 2016 అక్టోబరు వరకు అది వరంగల్లు జిల్లాలోని మండల కేంద్రము. పిమ్మట మహబూబాబాదు జిల్లాలో చేరినది. 2018లో పురపాలక సంఘమైనది. చుట్టును ప్రత్తి, మిర్చి, వరి పండు చేలు. నడుమ నడుమ తండాలు. ఇట్టి యూరిలో ఒకప్పుడు ఉద్యోగము చేసి విరమించినవాడనిన వేళ్లపై లెక్కింపదగినవాడు. సేద్యము చేయువానికి, మగ్గము నేయువానికి, అంగడి నడుపువానికి విరమణ దినమనునది లేదు. నేడో, బడిపంతులుగా, రెవిన్యూ గుమాస్తాగా, విద్యుచ్ఛాఖలో లైన్‌మన్‌గా, బస్సు కండక్టరుగా ముప్పదియేండ్లు పనిచేసి పింఛను పుచ్చుకొనుచున్నవారు ఏ వీధిలోనైనను ఒకరిద్దరు కనబడుదురు. ఉదయము బంగ్లా కూడలిలోని టీ హోటళ్ల యెదుట బల్లలపై దినపత్రిక విప్పుకొని కూర్చుందురు. పత్రిక ముగియును. వరంగల్లు బస్సు పోవును, ఖమ్మము బస్సు వచ్చును. ఎండ యెక్కినంతనే ఇంటికి పోయి భుజించి పరుందురు. ప్రొద్దు వాలిన పిమ్మట మరల అదే బల్ల.

వారిని గూర్చి లోకమనుమాటలు రెండు విధములు. "జిందగీ అంత కష్టపడె, ఇప్పుడన్న కూసోనియ్యుండ్రి" యని కొందరందురు. "కాలు చేయి మంచిగున్నది, ఏదన్న పని చేసుకోరాదా" యని కొందరందురు. రెండవమాట అనువారిలో భార్యయు, కొడుకును తరచుగా నుందురు. ఈ ప్రశ్న యెల్ల యిండ్లలోను కలదు గాని, వీరశైవ గృహములలో దానికి పదును హెచ్చు. కైలాసము మరణానంతరము చేరవలసిన లోకము కాదనియు, చేయుచున్న పనియందే అది కలదనియు నమ్మిన శరణుల పేరు చెప్పుకొని బ్రదుకుచున్న కుటుంబములవి. కాయకమే కైలాసమైనచో, కాయకము మానినవాడు కైలాసమునుండి దిగివచ్చినవాడు కావలెను గదా! అరువది యొక్కటవ యేట ప్రభుత్వము ఒక కాగితమునిచ్చి దింపివేయగల కైలాసమెట్టిది?

ముందుగా ఈ విరమణ యనునది యెంత క్రొత్తదో గమనింపవలెను. వయసునుబట్టి పని మానిపించి, పిదప జీవనభృతి నిచ్చుట రాజ్యధర్మముగా నెంచిన చట్టములలో మొదటిదని చెప్పదగినది 1889లో జర్మనీ దేశమున బిస్మార్కు కాలమున వచ్చినది. దానిలో నిర్ణయించిన వయసు 70. ఆ వయసు వరకు బ్రదుకువారే ఆనాడు కొద్దిమంది. 1916లో అది 65కు తగ్గినది. మన దేశమున స్వాతంత్ర్యము వచ్చునాటికి సగటు ఆయుర్దాయము సుమారు 32 ఏండ్లు. నేడు సుమారు 70. పసిబిడ్డల మరణములు తగ్గుటయే ఈ పెరుగుదలకు పెద్దకారణమన్నది నిజమే. అయినను ఉద్యోగము విడిచిన యొక సామాన్యుని ముందు ఇప్పుడు మరియొక పదునైదు ఇరువది యేండ్ల కాలము పరచుకొని యున్నది. ఇంత కాలము చేతికిచ్చి "ఇది నీది" యని చెప్పించుకొన్న తరము మన తాతలలో లేదు. కనుక శాస్త్రములలో దీనికి నేరుగా సమాధానము వెదకిన దొరకదు.

వానప్రస్థమని యొక ఆశ్రమమున్నది కదా యని కొందరందురు. శరణులు ఆ మెట్లవరుసను తమ జీవనమునకు కొలతగా నుంచుకొనలేదు. గృహస్థుడుగానే లింగార్చన, గృహస్థుడుగానే దాసోహము, ఆ రెంటికిని ఆధారముగా కాయకము. నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తి సోమనాథుని స్వగ్రామమని పలువురు పండితులు నిర్ణయించిరి. అనగా ఆ మహాకవి ఈ ప్రాంతపు బిడ్డయే. పదమూడవ శతాబ్దిలో ఆయన ద్విపదలో రచించిన బసవపురాణమున బట్టలుతుకు మడివాలు మాచయ్య కలడు, కుండలు చేయు కుమ్మరి గుండయ్య కలడు. ఆ భక్తుల కథలలో వారి పని కలదు, నిష్ఠ కలదు, పరీక్ష కలదు. ఇన్నేండ్లు చేసితిని, ఇక చాలునని చేయి కడుగుకొని అరుగుమీద కూర్చున్న దినమెక్కడను కానరాదు.

అట్లని శరణమార్గమున విశ్రాంతికి తావే లేదనుట తొందరపాటు. ఉద్యోగము వేరు, కాయకము వేరు. ఉద్యోగమునకు యజమాని కలడు, జీతము కలదు, వేళ కలదు, బదిలీ కలదు, కనుకనే విరమణయు కలదు. కాయకమునకు యజమాని చేయువాని మనస్సాక్షి. ఉద్యోగమునే కాయకముగా చేసినవారు కలరు. ముప్పదియేండ్లు ఉద్యోగము చేసియు ఒక్కదినమైనను కాయకము చేయనివారును కలరు. మొదటివారు విరమించిన పిమ్మట కూడ చేతికందిన పని చేయుచునే యుందురు, వారిని గూర్చి ప్రశ్నయే పుట్టదు. రెండవవారు విరమించినప్పుడు క్రొత్తగా మానినదేమియు లేదు. మాట కొంచెము కటువుగా తోచవచ్చును గాని, కార్యాలయములకు పనిపై తిరిగినవారెవరును దీనిని కాదనరు.

ఈ విషయమున నెవరికంటెను లోతుగా దారి చూపిన దంపతులు ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ. వారి కథలో మనకు పనికివచ్చు ఘట్టములు రెండు గలవు. రెండును ఒకదానికొకటి ఎదురుగా నిలుచునట్లు తోచును.

కల్యాణ నగరమున శరణుల యిండ్ల ముంగిళ్లలో రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ గింజలతో వండి జంగమదాసోహము చేసి, మిగిలినది తాము ప్రసాదముగా గ్రహింతురు. ఒకనాడు మారయ్య అనుభవ మంటపమున గోష్ఠిలో మునిగి, వేళ మరచెను. ఆ గోష్ఠి సామాన్యమైనదా? అల్లమప్రభువు, బసవేశ్వరుడు కూర్చున్న సభ. అట్టిచోట కూర్చుండుటకంటె పుణ్యమేమున్నదని మనమందుము. లక్కమ్మ అట్లు అనలేదు. కాయకము నిలిచిపోయినదని భర్తకు గుర్తుచేసి పంపినది. తత్త్వచర్చ కూడ, కాయకమును వాయిదావేయించునంతవరకు పోయినచో, ఆమె దృష్టిలో కాలక్షేపమే.

ఇక రెండవ ఘట్టము. మారయ్య మరియొకనాడు మామూలుకంటె అధికముగా బియ్యము తెచ్చెను. భర్త భక్తిని పరీక్షించుటకై బసవేశ్వరుడే ఎక్కువ గింజలు చల్లించెనని కథ. మూట చూచిన లక్కమ్మ సంతోషింపలేదు. ఇంత ఆశ మనకెందుకు, మన కొలతకు మించినది ఎక్కడ తెచ్చితివో అక్కడనే పోసి రమ్మని త్రిప్పి పంపినది. రేపటికి దాచుకొనినచో రేపు కాయకమునకు పోనక్కరలేదు గదా యను ఆలోచన ఆమెకు రాలేదు. వచ్చినను ఆమె దానిని ఒప్పుకొనదు.

మొదటి ఘట్టమును మాత్రమే చదివినవాడు, ప్రొద్దున లేచినది మొదలు రాత్రి పరుండువరకు పని చేయుటయే ధర్మమని తలచును. మన ఉపన్యాసములలో సాధారణముగా ఈ మొదటిదే వినబడును. రెండవదానిని గూడ చేర్చి చదివినప్పుడే లక్కమ్మ చెప్పినది తెలియును. కాయకమునకు ఒక కొలత కలదు. కొలతకు తక్కువైనచో అది సోమరితనము. మించినచో అది ఆశ. మించి యేరిన ప్రతి గింజయు మరియొకరు ఏరుకొనవలసినది. ఏమి చేయుచున్నావని మాత్రమే యడుగువాడు ప్రశ్నలో సగమునే యడుగుచున్నాడు. ఎంతవరకు చేయుదువు, ఎవరి వంతు తీసికొనుచున్నావు అనునది తక్కిన సగము.

ఈ సగమును మన కాలమునకు అన్వయించినచో కొందరికి రుచింపదు. మంచి పింఛను వచ్చుచుండగా, ఇంటిలో కొదువ యేమియు లేకుండగా, ఊరక కూర్చుండలేనని చెప్పి ప్రైవేటు బడిలోనో, చిట్ ఫండ్‌లోనో, భీమా ఏజెన్సీలోనో చేరువారు కలరు. వారిని లోకము కష్టజీవులని మెచ్చును. ఆ బడిలో అదే కుర్చీకై బి.ఎడ్. చదివి రెండేండ్లుగా తిరుగుచున్న యువకుడు వరండాలో నిలిచియున్నాడేమో యని యెవరును చూడరు. అనుభవజ్ఞుడైన వృద్ధుడు సగము జీతమునకే వచ్చుటచేత యాజమాన్యమునకు లాభము. నష్టము వరండాలో నిలిచినవానిది. 1983లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఉద్యోగ విరమణ వయసును 58 నుండి 55కు తగ్గించినప్పుడు చెప్పిన కారణములలో చదువుకొన్న యువకులకు అవకాశము కల్పించుట యొకటి. వేలాది కుటుంబములు ఒక్కసారిగా కలతపడినవి. వివాదము సర్వోన్నత న్యాయస్థానమువరకు పోయినది. ఆ తగ్గింపు చెల్లునని 1985 జనవరిలో తీర్పు వచ్చినది. వయసు మరల 58 అయినది. రాష్ట్రము రెండైన పిదప ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60గా, 2022లో 62గా పెరిగినది; తెలంగాణలో 2021లో 61 అయినది. పెంచిన ప్రతిసారి ఉద్యోగులు సంతోషించిరి, నిరుద్యోగులు నిట్టూర్చిరి. ఏ వయసు న్యాయమో నిర్ణయించుట ప్రభుత్వముల పని. కాని తన కొలత నిండినవాడు తొలగి చోటిచ్చుట కూడ దాసోహమునకు దగ్గర బంధువే. లక్కమ్మ మూట విప్పించి పోయించినది గింజలనే గాని, అవి మరియొకరి చేతికందుట ఆమె కోరినది.

కుటుంబము గడవక, బిడ్డ పెండ్లి అప్పు తీరక, మందుల ఖర్చు మోయలేక డెబ్బదియేండ్ల వయసున పనికి పోవువాని కీమాట వర్తింపదు. వాని కొలత ఇంకను నిండలేదు. తెలుగు రాష్ట్రములలో 2004 సెప్టెంబరు 1 తరువాత ఉద్యోగములలో చేరినవారు పాత పింఛను విధానమునకు వెలుపల నున్నవారు. వారు విరమించు కాలమున ఈ వ్యాసములోని చర్చ వారికి విలాసముగా తోచినను ఆశ్చర్యము లేదు.

అంగడి నడుపు కుటుంబములలో ఈ ఆశ మరియొక వేషమున కనబడును. మన సమాజమున వ్యాపారస్థులు అధికము గనుక ఇది చెప్పక తప్పదు. డెబ్బదియైదేండ్ల తండ్రి తెల్లవారి స్నానము, లింగపూజ ముగించి వచ్చి గల్లాపెట్టె ముందు కూర్చుండును. నలుబదియైదేండ్ల కొడుకు బస్తాలు దింపించును, తూకము వేయును, హైదరాబాదు పోయి సరకు తెచ్చును. కాని పదిరూపాయల నోటు తీయవలెనన్నను తండ్రివంక చూడవలెను. "మా నాయన ఈ వయసులో కూడ కాయకము విడువలేదు" అని కొడుకు నలుగురిలో గర్వముగా చెప్పును. ఒంటరిగా నున్నప్పుడు ఏమనుకొనునో యెవరికి తెలియును? ఆ పెద్దాయన చేయుచున్నది కాయకము కాదు, గల్లా కావలి. తాళపుచెవులు కొడుకునకిచ్చి, అదే అంగడిలో ఒక మూల కూర్చుండి బెల్లము పొట్లములు కట్టినచో అది కాయకమగును. పంచాచారములలో భృత్యాచారమని యొకటి యున్నది: అందరికంటె తాను చిన్నవాడనని నడచుకొనుట. ముసలితనమున దానిని ఆచరించుటకు గల్లాపెట్టెకంటె మంచి పరీక్షాస్థానము లేదు.

ఇప్పుడు బల్లమీద కూర్చున్న పింఛనుదారుని విషయమునకు వత్తము. వాడు తినునది ఎవరి సొమ్ము? కూర్చుండి తినిన కొండలైనను కరగునని మనవారి సామెత. అది ఆస్తిని గూర్చి చెప్పినది, పింఛనుకు వర్తింపదు. పింఛను ప్రభుత్వము దయతలచి ఇచ్చు ధర్మము కాదనియు, చేసిన సేవకు ప్రతిఫలముగా వచ్చు హక్కనియు 1982 డిసెంబరు 17న నకారా కేసులో సర్వోన్నత న్యాయస్థానము స్పష్టముగా చెప్పినది. ఆ దినమును నేటికిని పింఛనుదారులు తమ దినముగా జరుపుకొనుచున్నారు. కనుక ఆ నెలసరి సొమ్ము ముప్పదియేండ్ల కాయకము చివర మిగిలిన కూలియే. దానిని తినుచు కూర్చున్నవాడు ఎవరికిని ఋణపడి లేడు. వానిని చూచి ముఖము చిట్లించువారు ఈ లెక్క మరచిపోవుచున్నారు.

అంతమాత్రమున వాని కూర్చుండుట నిర్దోషమా? ఇక్కడ తెలుగుమాట యొకటి దారి చూపును. "ఊరక" అను మాటను మనము మూడు విధములుగా వాడుదుము. "ఊరక వచ్చితిని" అన్నప్పుడు ప్రయోజనమేమియు లేక వచ్చితినని యర్థము. "ఊరకుండుము" అన్నప్పుడు మాటలాడక యుండుమని యర్థము. "ఊరకే యిచ్చెను" అన్నప్పుడు వెల లేక యిచ్చెనని యర్థము. విరమించినవాడు ఊరక కూర్చుండవచ్చునా యని యడిగినప్పుడు, ఈ మూడింటిలో ఏ ఊరక యని తిరిగి యడుగవలెను.

ప్రయోజనము లేక కూర్చుండుటలో దోషము లేదు. ముప్పదియేండ్లు గంట కొట్టినప్పుడు లేచి, గంట కొట్టినప్పుడు కూర్చున్నవానికి, గంట లేని ప్రొద్దు ఒకటి చూడవలెనని యుండుట సహజము. వేపచెట్టు క్రింద నులకమంచము వేసికొని, ఆకు రాలుట చూచుచు కూర్చున్నవానిని లేపి, కాలము వృథా చేయుచున్నావనుట అవివేకము. అది వాని కాలము, వాని చెట్టు. మౌనముగా కూర్చుండుట యింకను మేలు. దినమునకు మూడుమారులు ఇష్టలింగమును కరస్థలమున నుంచుకొని దృష్టి నిలుపుటను విధించిన మతము, కన్నులు నిలుపుకొని కదలక కూర్చుండుటను తప్పుపట్టునా? అయితే ఇచ్చట కొందరు చేయు మోసమును చెప్పవలెను. అల్లమప్రభువు బోధించిన శూన్యము మాదియని చెప్పుకొనుచు రోజంతయు సెల్‌ఫోనులో వీడియోలు ద్రిప్పువారు కలరు. అది శూన్యము కాదు, కిక్కిరిసిన సంత. అట్టివానికి విశ్రాంతియు లేదు, కాయకమును లేదు. ఒక గంట ఫోను లేక కూర్చుండుమనుడు, పని చెప్పినట్లే విసుగుకొనును.

చిక్కంతయు మూడవ ఊరకలో నున్నది. తాను వెల యీయక, మరియొకరిచే వెల యిప్పించి కూర్చుండుట. పింఛను తన కష్టార్జితమే. కాని పింఛను అన్నము వండదు. ఆ బల్లమీదనుండి లేచి ఇంటికి పోవునప్పటికి నీళ్లు కాగియుండవలెను, కూర యుడికియుండవలెను, ధోవతి యుతికి ఆరియుండవలెను. ఇవన్నియు చేయునామె వయసెంత? భర్తకు 65 అయినచో ఆమెకు 60. ఆమె విరమణ యే నాడు? 2019లో జాతీయ గణాంక కార్యాలయము దేశమంతట జరిపిన కాలవినియోగ పరిశీలనలో, జీతము లేని యింటిపనులలో పాల్గొను స్త్రీలు దినమునకు 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును వాటికి వెచ్చించుచున్నారని తేలినది. అనగా స్త్రీకి అయిదుగంటలు. అందులోను పాల్గొను పురుషుల లెక్కయే అది. పాల్గొననివారు ఆ సగటులోనికి రానేరారు.

ఉద్యోగము చేయునాడు భర్తకు ఒక సాకుండెను. బడికి వేళయగుచున్నది, కార్యాలయమునకు వేళయగుచున్నది. విరమించిన మరునాడు ఆ సాకు పోయినది, అలవాటు పోలేదు. పైగా ఇంట నుండుట పెరుగుటచేత పనియు పెరిగినది. మునుపు మధ్యాహ్నము డబ్బాలో పెట్టి పంపినచో తీరెడిది. ఇప్పుడు పదిగంటలకు టీ, పన్నెండింటికి వేడి యన్నము, మూడింటికి మరల టీ. కాళ్లనొప్పులతో గోడ పట్టుకొని నడచు గృహిణి అరువదియేండ్ల తరువాత ముందుకంటె హెచ్చు పని చేయుట యెన్ని యిండ్లలో జరుగుచున్నదో లెక్కలేదు. భర్త విశ్రాంతి ఆమె వీపుపై నిలిచిన విశ్రాంతి. కోడలున్న యింటిలో వీపు మారును, బరువు మారదు. పన్నెండవ శతాబ్దిలోనే ఒక స్త్రీ భర్తను కాయకమునకు పంపగలిగిన ధర్మము మనదని వేదికలపై చెప్పుకొందుము. లక్కమ్మవలె "కాయకము నిలిచినది, లేచి పొండు" అని చెప్పగల ధైర్యము నేడు మన యిండ్లలో ఎందరు స్త్రీల కున్నది? చెప్పినను విను మారయ్యలెందరు?

కనుక ఊరక కూర్చుండవచ్చునా యను ప్రశ్నకు సమాధానము గుడిలోనో గ్రంథములోనో వెదకుటకంటె వంటింటిలో వెదకుట మేలు. తాను త్రాగిన గిన్నె కడిగినవాడు, చెట్లకు నీరు పోసినవాడు, కూర తరిగి యిచ్చినవాడు, మనుమని బడికి దింపి వచ్చినవాడు, ఆ పిమ్మట సాయంకాలమువరకు బల్లమీద కూర్చున్నను వానిననుటకు ఎవరికిని నోరు లేదు. ఈ పనులు చిన్నవని నవ్వువారుందురు. రాలిన బియ్యపు గింజలేరుట మాత్రము పెద్దపనియా?

ఇంటి వెలుపల గూడ ఇట్టి వీపులున్నవి. మిర్చి కోతలకాలమున మరిపెడ చుట్టుపట్ల చేలలో వంగి కాయ కోయువారిలో అరువదియేండ్లు దాటిన స్త్రీలు తక్కువగా నుండరు. వారికి విరమణ కాగితము నిచ్చువారు లేరు. 2005లో వచ్చిన ఉపాధిహామీ చట్టము పనికి కనిష్ఠ వయసునే గాని గరిష్ఠ వయసును చెప్పలేదు; తట్ట మోయగలిగినంత కాలము మోయవచ్చును. తెలంగాణలో 2014లో నెలకు 1000 రూపాయలుగా మొదలైన ఆసరా పింఛను 2019లో 2016 రూపాయలైనది. అది మందులకు సరిపోవును, లేదా బియ్యము, పప్పులకు సరిపోవును, రెంటికిని సరిపోదు. వీరిముందు ఉద్యోగి విశ్రాంతి తప్పు కాదు, కాని అదొక భాగ్యము. భాగ్యవంతుడు దాసోహము చేయవలెననుట శరణుల కాలమునుండి వచ్చుచున్న మాట. ఆ తల్లి పింఛను ఆగిపోయినప్పుడు దరఖాస్తు వ్రాసిపెట్టుటకు, బ్యాంకు గుమాస్తాతో మాటలాడుటకు, ఆధార్ కార్డులో తప్పుపడిన పేరు దిద్దించుటకు అక్షరము తెలిసిన మనుష్యుడొకడు కావలెను. మరిపెడ బల్లపై కూర్చున్న విశ్రాంత గుమాస్తాకు ఆ కాగితముల లోగుట్టు తెలిసినంతగా మరియెవరికి తెలియును? వారమునకు రెండుదినములు, రెండేసి గంటలు చాలును. తక్కిన వేళ పత్రిక చదువుకొనవచ్చును.

విరమణానంతరము మహత్కార్యములు చేసినవారిని చూపి అందరిని అట్లే చేయుమనుట మాత్రము న్యాయము కాదు. మరిపెడకు సమీపముననున్న చిన్నగూడూరులో జన్మించిన దాశరథి రంగాచార్యులు పురపాలక సంస్థలో ఉద్యోగము ముగించిన పిమ్మట నాలుగు వేదములను తెలుగు చేసిరి. తెలంగాణ పల్లె బ్రదుకును నవలలుగా వ్రాసిన చేయి, విశ్రాంతి కాలమున అంత భారమునెత్తినది. ఈ ప్రాంతమువారెల్లరు గర్వింపదగిన విషయమిది. అయితే ముప్పదియేండ్లు బస్సులో నిలుచుండి టిక్కెట్లు కొట్టిన కండక్టరును పట్టుకొని, "ఆయన వేదములు తెనిగించెను, నీవేమి చేసితివి?" అని యడుగుట క్రూరత్వము. కాశ్మీరరాజ్యము విడిచివచ్చి కల్యాణమున కట్టెలమోపు మోసి అమ్ముకొని బ్రదికెనని మోళిగె మారయ్యను గూర్చి చెప్పుదురు. సింహాసనమునుండి విరమించినవాడు మరియొక సింహాసనమును వెదకలేదు, కట్టెలు వెదకెను. విరమించిన అధికారులలో పలువురు సంఘాధ్యక్షపదవులు, ఆలయకమిటీ పదవులు వెదకుదురు. ఆ పదవులలో సేవ లేదని కాదు. కుర్చీ పోయిన బాధ తీరుటకు మరియొక కుర్చీని మందుగా వాడుకొనుచున్నామా యని తమలో తాము చూచుకొనవలసియుండును.

మఠములవారును ఈ విషయమున ఒక మార్పు చేయవచ్చును. ఉత్సవములనాడు విశ్రాంత ఉద్యోగులకు శాలువ కప్పి వేదికపై కూర్చుండబెట్టుట వాడుకగా నున్నది. శాలువ బదులు దాసోహపు పంక్తిలో వడ్డించు గరిట నిచ్చినచో ఎందరు సంతోషముగా పుచ్చుకొందురో తెలియును. బడిపంతుళ్లుగా విరమించినవారికి వేసవి సెలవులలో పిల్లలకు బసవపురాణపు ద్విపద చదివించు పని యప్పగింపవచ్చును. ఈ తరపు పిల్లలకు ఆ ద్విపద నోట పలుకుట లేదు. పలికించగలవారు బల్లలమీద నున్నారు.

చేయి కాలు ఆడనివారి సంగతి వేరు. కాయముతో చేయునది కాయకము గనుక, కాయము సహకరింపనినాడు దానిని అడుగువారు లేరు. పక్షవాతముతో మంచము పట్టినవాడు "ఎవరికిని పనికిరానివాడనైతిని, తిండి దండుగ" యని కన్నీరు పెట్టుకొనుచుండును. జీవితమంతయు పనితో తన్ను తాను కొలుచుకొన్నవానికి ఆ దుఃఖము మరీ యెక్కువ. వానిని ఓదార్చుటకు పెద్ద సిద్ధాంతములక్కరలేదు. అట్టివాని కరస్థలమున లింగముంచునప్పుడు చేయి వణకును; మనుమడు తన చిన్నచేతిని క్రింద ఆనించి నిలుచును. పూజ ముగియువరకు వాడు కదలడు. ఆ పూట బడికి పావుగంట ఆలస్యమైనను ఇంటివారు వానిని కోపపడరు.